బ్రాకిల్టన్ ఓడకు ఘనస్వాగతం

బ్రాకిల్టన్ ప్రజల చిరకాల సేవలను గుర్తించి, నౌకాదళం వారి పల్లె పేరును సముద్రంలో మందుపాతరలు ఏరే ఒక ఓడకు పెట్టింది. ఆ సేవలేమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందుకే అందరూ సమానంగా గర్వించారు.

ఓడ మొదటిసారి రేవుకు వచ్చిన రోజున చేపల కొట్టు ఐవీ థర్లో సముద్రం వైపు చూసి నిలువునా బిగుసుకుపోయింది. యుద్ధం ముగిసి పదేళ్ళయినా ఇంకా సెలవు దొరకని జర్మన్ మందుపాతర ఒకటి, తుప్పు కొమ్ములతో, అలల మీద ఒడ్డుకు వస్తోంది. అలాంటిదే ఆమె భర్తను పడవతో సహా మింగింది. ఐవీ స్వాగత సభ వేదిక దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ ఊరి మండలి అధ్యక్షులు పెట్టిఫర్‌గారు ఉపన్యసిస్తున్నారు. "ఈ ఓడ పేరు వింటేనే మందుపాతరలు హడలిపోతాయి! మన తీరం వంక ఒక్కటీ కన్నెత్తి చూడదు!"

"ఒకటి చూస్తోందండీ. అదుగో!"

"కార్యక్రమంలో నీ పేరు లేదమ్మా."

"దాని పేరూ లేదు. అయినా వస్తోంది."

"టీ అయ్యాక చూద్దాం," అన్నారు అధ్యక్షులు. సభ చప్పట్లు కొట్టింది.

ఐవీ ఓడ మీదికెక్కి కెప్టెన్‌కు చూపించింది. అతను తుపాకీ దగ్గరికి ఉరికాడు. అయితే ఓడ తుపాకీకి మహిళా సంఘం వారు ఊలు తొడుగు అల్లి తొడిగారు.

"విప్పితే వాళ్ళు నొచ్చుకుంటారేమో!" అని గొణిగాడు కెప్టెన్.

ఐవీ చేపల కత్తితో తొడుగును బర్రున చీరేసింది.

"చలికాలమంతా కూర్చుని అల్లామే, పాపిష్ఠిదానా!" అని ఒడ్డున ఆడవాళ్ళు గగ్గోలు పెట్టారు.

ఓడ కదిలింది. తుపాకీ పేలింది. మందుపాతర అంతకంటే గట్టిగా పేలింది. వీధి పొడుగునా కిటికీల అద్దాలు రాలాయి, శాండ్‌విచ్‌లు ఉప్పునీళ్ళలో నానాయి, అధ్యక్షుల టోపీ సముద్రం పాలయింది. ఒక్క ప్రాణమూ పోలేదు. ఐవీ ఓడ మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మండలి అత్యవసరంగా సమావేశమయింది. మందుపాతర ఇన్నేళ్ళూ నోరు మెదపలేదనీ, అల్లరి చేసినవి ఓడా, ఐవీయేననీ తేల్చింది. తమ పేరును మరింత నెమ్మదస్తురాలైన ఓడకు మార్చవలసిందిగా నౌకాదళాన్ని వేడుకుంది. ఐవీ కొట్టుకు బేరాలు ఆగిపోయాయి.

కొట్టు మూసి, చెల్లెలి ఊరికి బయలుదేరి బస్సు కోసం నిలబడ్డ ఐవీకి అలల మీద మరో తుప్పు కొమ్ముల గుండు కనిపించింది. రేవు నిండా జనం. అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఎండ బాగుంది కదూ?" అందొకావిడ.

"దివ్యంగా ఉంది," అన్నారు పెట్టిఫర్‌గారు.

ఐవీ పెట్టె కింద పడేసి, "మళ్ళీ నేనేనా?" అంటూ టెలిఫోన్ కోసం పరుగెత్తింది. ఆమెకు మర్యాద ఎప్పటికి వస్తుందోనని విచారిస్తూ, జనం మెల్లగా ఒడ్డుకు దూరం జరిగారు.

వాళ్ళను తప్పుపట్టకండి. మీరూ నేనూ అక్కడుంటే, ఇంకాస్త ముందే జరిగేవాళ్ళం.