గోడ గడియారంలో రాహుకాలం

సోమవారం ఉదయం ఏడింటికల్లా గడప దాటాలని శోభ అనుకుంది. తొమ్మిదింటికి కోదాడలో పరీక్ష. నెగ్గితే చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పే కొలువు. సూర్యాపేటలో కృప మేడం దగ్గర నేర్చుకున్నదంతా ఈ రోజుతో తేలిపోతుంది. కాలం గురించి ఇంగ్లీషువాళ్లు చెప్పుకునే సామెతలు చెప్పి, వాటికి సొంత బతుకులోంచి ఉదాహరణలు ఇవ్వాలి. సామెతలన్నీ నోటికి వచ్చాయి, ఉదాహరణలే దొరకలేదు. పదో తరగతితో బడి మానేసి, చివ్వెంలలో బర్రెలకు గడ్డి వేసుకునే మనిషికి కాలంతో చెప్పుకోదగ్గ గొడవ ఏముంటుంది?

ఆ ఇంట్లో కాలం చెప్పే అధికారం మామ కొన్న గోడ గడియారానిది. ఆయన పోయాక దాన్ని ముట్టుకునే హక్కు అత్త సత్తమ్మ ఒక్కదానిదే. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా పూజకైనా ప్రయాణానికైనా గడియారం మాటే చెల్లుతుంది.

ఎక్కడ ఆలస్యమవుతుందోనని శోభ పొద్దున్నే ఎవరూ చూడకుండా ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పింది. ఏడున్నరకు రాహుకాలం వచ్చేలోపు కోడలు బయటపడాలని సత్తమ్మ దీపం పెట్టి వస్తూ పావుగంట తిప్పింది. ఇన్నాళ్లూ భార్య చదువును ఎగతాళి చేసిన సోమన్నకు కూడా లోలోపల ఆమె నెగ్గాలనే ఉంది. అతనూ అదే రాహుకాలానికి జడిసి ఇంకో పావుగంట తిప్పాడు. ఎవరి మేలు వాళ్లు గుట్టుగా చేశారు.

శోభ సంచి భుజాన వేసుకుని వచ్చేసరికి గడియారం ఏడు కాదు, ఏకంగా పావు తక్కువ ఎనిమిది చూపిస్తోంది.

"ఆగు!" సత్తమ్మ గడపకు అడ్డం నిలబడింది. "రాహుకాలం వచ్చింది."

"ఫోన్ల ఏడే దాటింది అత్తమ్మా!"

"ఫోన్ మొన్న వచ్చింది. గడియారం మీ మామ తెచ్చిండు. ఎవలి మాట వినాలె?"

తాను తిప్పిన పావుగంట తీసేసినా ఏడున్నర అయిందని సత్తమ్మ లెక్క. సోమన్న లెక్కా అదే. ఒప్పుకుంటే పరువు పోతుంది గనుక ఎవరూ నోరు విప్పలేదు. సోమన్న బండి తాళం జేబులో వేసుకున్నాడు.

"టైమ్ అండ్ టైడ్ వెయిట్ ఫర్ నన్," అంది శోభ. "కాలం ఎవ్వరికోసం ఆగదు అత్తమ్మా."

"దాన్ని పోనియ్. నువ్వు ఆగు. నిదానమే ప్రధానం."

"ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్. ఇప్పుడు ఒక్క కుట్టేస్తే ఎనకసిరి తొమ్మిది కుట్లు తప్పుతయి."

"గందుకే తొమ్మిదింటిదాంక కూసోమంటున్న."

సోమన్న కిసుక్కున నవ్వాడు. "ఫీజు కట్టకుంటనే అమ్మకు నీకంటె మంచిగొచ్చింది."

ఆ గొడవ విని పక్కింటి అలివేలు పరుగున వచ్చింది. వచ్చీరాగానే గట్టిగా తుమ్మింది.

"సూసినవా? శకునం గూడ వద్దంటున్నది," అంటూ సత్తమ్మ కోడలిని పీట మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. శోభ నీళ్లు తాగి, లేచి, అదే పీటను గోడ దగ్గరికి జరిపి ఎక్కింది. ముల్లు పట్టుకుని తిప్పేసింది. గడియారం ఠంగుఠంగుమని తొమ్మిది కొట్టింది.

"ఇగ రాహుకాలం ఖతం. తాళమియ్యి."

"మీ మామ గడియారాన్ని ముట్టుకుంటవే!"

"పొద్దుగాలనే ముట్టుకున్న. పది నిమిషాలు తిప్పిన."

సోమన్న తల గోక్కున్నాడు. "నేనో పావుగంట తిప్పిన."

ఇద్దరూ సత్తమ్మ వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది. "దీపం పెట్టొస్తుంటె జర చెయ్యి తగిలింది. పావుగంటంత."

అలివేలు తన ఫోన్ చూసుకుని మెల్లగా అంది. "అయితే వదినా, అసలు రాహుకాలం ఇగో, గిప్పుడే మొదలైంది."

శోభ పీట దిగింది.

"మంచి గడియల నన్ను మీరు కూసోబెట్టిండ్రు," అంది శోభ. "చెడ్డ గడియల నేనే పోత. మంచి గడియ దేవుడిదైతే, రాహుకాలం మాత్రం ఇంకెవ్వలిది అత్తమ్మా?" దేవుడి పటానికి దండం పెట్టి గడప దాటింది. సోమన్న జేబులోని తాళం తీసి బండి స్టార్ట్ చేశాడు.

కోదాడ చేరేసరికి పరీక్ష గది తలుపు మూస్తున్నారు. పరీక్ష పెట్టడానికి మిర్యాలగూడ నుంచి వచ్చిన ఉషారాణి మేడం చెయ్యి అడ్డం పెట్టింది. "తొమ్మిదింటికి రమ్మన్నాం కదమ్మా. ఇక కుదరదు."

"బెటర్ లేట్ దాన్ నెవర్, మేడం," అంది శోభ, కదలకుండా.

"అయితే ఎందుకు లేటయిందో ఇంగ్లీషులోనే చెప్పు."

ఇన్నాళ్లూ దొరకని ఉదాహరణలన్నీ ఆ పొద్దున ఆమె ఇంట్లోనే పుట్టాయి. ఆగని కాలం, ఆపిన అత్త, వెయ్యని కుట్టు, ముగ్గురు తిప్పిన ముల్లు. ఇంగ్లీషు అక్కడక్కడా కుంటింది గాని కథ ఎక్కడా ఆగలేదు. మేడం నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. "ప్రతి పరీక్షలోనూ అందరూ ఒకే పుస్తకం అప్పజెబుతారు. నువ్వొక్కదానివే మాట్లాడావు," అంది.

సాయంత్రం శోభ కొలువు వార్తతో ఇల్లు చేరింది. సోమన్న మిఠాయి పొట్లం విప్పుతూ తల్లిని ఆటపట్టించాడు. "అమ్మా, రాహుకాలంల పోయి కొలువు తెచ్చింది. ఇప్పుడేమంటవ్?"

సత్తమ్మ దీపం వత్తి సరిచేసి, ఇంకా ఎవరూ సరిచేయని గడియారం వైపు చూసింది.

"ఏమంటర్రా? రాహువు గూడ మన గడియారమే సూసి పోయిండు."