ఒక్క లేబుల్ కావాలంటే

వంటింటి బల్లమీద వరసగా నిలబెట్టిన తేనె సీసాలన్నిటి మీదా, గులాబీ రంగు పూల అంచు మధ్య, ముచ్చటైన అక్షరాలతో 'విషం. ముట్టుకుంటే ప్రాణాపాయం' అని ఉంది.

కోడలు కళ్ళు నులుముకుని మళ్ళీ చదివింది. అవే అక్షరాలు. పూల అంచు ఆమె ఏరికోరి పెట్టించుకున్నదే. మధ్యలో ఉండాల్సిన 'అడవి తేనె' మాత్రం లేదు. చివరి సీసా ఒక్కటే ఏ లేబులూ లేకుండా బోసిగా ఉంది.

నిన్నటి ఏర్పాటులో ఏ తిరకాసూ లేదు. భర్త కంప్యూటర్లో లేబుల్ తయారుచేశాడు, స్టిక్కర్ కాగితం ప్రింటర్లో పెట్టాడు, తెల్లారగట్ల లేచి ప్రింటు తీస్తానన్నాడు. నైట్ డ్యూటీ నుంచి రాగానే మరిది వాటిని సీసాలకి అంటిస్తాడు. పదింటికి పెద్ద వీధిలో దుకాణం నడిపే ఆవిడ వచ్చి చూస్తుంది. నచ్చితే ప్రతినెలా సరుకు ఆమే తీసుకుంటుంది. ఇంట్లో అందరూ కాలక్షేపం అంటున్న పనికి వ్యాపారం అనే పేరు రావాల్సిన రోజు అది.

"ఏమండీ!"

ఆ కేకకి భర్త ఒక కాలికే చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. సీసాలు చూసి నోరు తెరిచాడు.

"ఏంటిది?"

"ఆ మాట నేనడగాలి. లేబుల్ చేసింది మీరు. నిన్న మీ వంట బాలేదన్నానని ఇంత కక్షా?"

"ఒట్టు! నేను తేనె అనే రాశా. అసలింకా ప్రింటే తియ్యలేదు. ఇప్పుడేగా లేచా!"

"మరి వీటినెవరు తీశారు?"

అప్పుడే పడుకున్న మరిదిని లేపారు.

"అంటించింది నేనే వదినా," అన్నాడతను కళ్ళు తెరవకుండానే. "ప్రింటర్లో కాగితం ఉంటుంది, తీసి అంటించమన్నావుగా. ఒకటి తక్కువొచ్చింది, సర్దుకో."

"చదవలేదా?"

"అంటించమన్నావు. చదవమన్నావా?"

అని మళ్ళీ ముసుగుతన్నాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు ఖాళీ గ్లాసుతో వచ్చారు. రోజూ పొద్దున్నే వేడినీళ్ళలో తేనె కలుపుకుని తాగడం ఆవిడ అలవాటు.

"కొత్త తేనె బావుందే అమ్మాయ్. కాస్త ఘాటు."

"ఏ సీసాలోది అత్తయ్యా?"

"అదిగో, ఆ మధ్యలోది. కళ్ళజోడు కనపడక తడుముకుంటూ తీశా."

భర్త ఆ సీసా అందుకుని లేబుల్ పైకి చదివాడు. మనసులో చదువుకోవాల్సింది. అత్తగారు గ్లాసు బల్లమీద పెట్టి, సోఫా దాకా నడిచి, తలగడ సరిచూసుకుని, ఒద్దికగా కుప్పకూలారు.

"ఇందాకట్నుంచీ కడుపులో తిప్పుతూనే ఉందిరా!"

"ఎవరో విషం కలిపారే," అన్నాడు భర్త గొంతు తగ్గించి. "తర్వాత మనసొప్పక, హెచ్చరిక అంటించి పోయారు."

"పూల అంచు పెట్టి మరీనా?"

ఈ గోలంతా జరుగుతుండగా మామగారు బాల్కనీలో మొక్కల మధ్య కూర్చుని పేపరు చదువుతున్నారు. చాలాసేపటి నుంచి పేజీ మాత్రం తిప్పలేదు.

సోఫా మీద అప్పగింతలు మొదలయ్యాయి.

"అమ్మాయ్, నా ఉంగరం నువ్వే పెట్టుకో. నీ వేలికి నప్పదనుకో, అయినా పెట్టుకో. మీ మామయ్యని కనిపెట్టుకుని ఉండు. ఆయనకి షుగరుంది. నేను పోయాను కదా అని తీపి ముట్టుకోనివ్వకు."

బాల్కనీలో పేపరు కొద్దిగా వణికింది.

భర్త ఒక చేత్తో డాక్టరుకి ఫోన్ కలుపుతూ, రెండో చేత్తో కంప్యూటర్ తెరిచాడు. కనీసం లేబుళ్ళయినా మారిస్తే దుకాణం ఆవిడ ముందు పరువు దక్కుతుంది. తెరమీద వరసలు వరసలుగా గడులు, ప్రతి గడిలోనూ విషం. మొదటి గడిలో 'అడవి తేనె' అని మార్చి, ఇంట్లో ఉన్న ఆఖరి స్టిక్కర్ కాగితం పెట్టి, ప్రింటు కొట్టేశాడు. మొదటి గడిలో రాసినది మిగతా గడులన్నిటికీ వెళ్ళాలంటే ఇంకో బటన్ నొక్కాలని, కాగితం సగం బయటికొచ్చాక గుర్తొచ్చింది. ఒకటి తేనె. మిగతావన్నీ విషం.

"గోరుచుట్టు మీద రోకటిపోటు," అంది కోడలు.

"అది కాదే! ఎవరో మన ఫైల్లోనే విషం అని రాసి, ఆ బటన్ నొక్కారు. అంటే బయటివాళ్ళు కాదు. ఇంటి దొంగే!"

డోర్‌బెల్ మోగింది. దుకాణం ఆవిడ చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. గుమ్మంలో నిలబడి సీసాల మీద విషాన్ని చూసింది, సోఫా మీద అత్తగారిని చూసింది, "నురగ రావట్లేదు డాక్టరుగారూ, మాటలు మాత్రం వస్తున్నాయి" అంటున్న భర్తని చూసింది.

"నేను మళ్ళీ వస్తానమ్మా."

"మళ్ళీ అంటే ఎప్పుడండీ?"

"ఎప్పుడో ఒకప్పుడు," అని ఆవిడ మెట్లవైపు తిరిగింది.

కోడలు బల్లమీద సీసాల్ని ఒక్కొక్కటిగా అట్టపెట్టెలోకి సర్దడం మొదలుపెట్టింది. ఆ విసురుకి ఒక మూత ఊడి, దొర్లుకుంటూ బాల్కనీ దాకా వెళ్ళింది.

మామగారు వంగి మూత తీశారు. పేపరు మడిచి కుర్చీలో పెట్టారు. తిన్నగా వంటింట్లోకొచ్చి, మూతలేని ఆ విషం సీసాలో చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నారు.

"నాన్నా!"

రెండో చెంచా. మూడో చెంచాకి ఆయన కళ్ళు అరమోడ్పులయ్యాయి.

"ఇందులో తేనె తప్ప ఇంకేం లేదు," అన్నారు. "ఘాటు కూడా లేదు."

దుకాణం ఆవిడ మెట్లమీంచి వెనక్కొచ్చింది. ఆయన చేతిలోంచి చెంచా అందుకుని, తుడిచి, తనూ రుచి చూసింది.

"ప్రాణాపాయం అని రాసున్నా ఇంత ఇష్టంగా తిన్న మనిషిని ఎక్కడా చూళ్ళేదు. లేబుళ్ళు మార్చు తల్లీ. సీసాలన్నీ నాకే. ప్రతినెలా."

సోఫా మీంచి అత్తగారు లేచి కూర్చున్నారు. మనిషిలో కడుపునొప్పి ఛాయలు లేవు.

"తేనె తప్ప ఇంకేం లేదని మీకెలా తెలుసండీ?" అంటూ గరిటె కోసం చెయ్యి చాచారు.

మామగారు బాల్కనీలోకి వెళ్ళి, మొక్కల మందుల వెనక నుంచి ఒక సీసా తెచ్చి బల్లమీద పెట్టారు. అదే పూల అంచు, అదే హెచ్చరిక. సీసా సగం ఖాళీ.

"నేనేనమ్మా," అన్నారు కోడలివైపు తిరిగి. "ఇది కొన్నాళ్ళుగా దాచుకుని తింటున్నా. మీ అత్తయ్య ఇవాళ బాల్కనీ సర్దుతానంది. విషం అని ఉంటే దీని జోలికి రాదనుకున్నా. నాక్కావాల్సింది ఒక్క లేబుల్. మొదటి గడిలో రాసుకుని, పక్కన బటనేదో ఉంటే నొక్కా. కాగితం నిండా విషమే! ఒకటి పీక్కుని, మిగతాది పారేస్తే దండగని ప్రింటర్లోనే ఉంచేశా. చేసింది తప్పే. కానీ రాసింది మాత్రం అబద్ధం కాదు తల్లీ, ముట్టుకుంటే ప్రాణాపాయమే. అదిగో, గరిటెతో వస్తోంది."