కాటా బాబాయి తిప్పిన మర

నలభై రెండు కిలోలు వస్తే గానీ ఆపరేషన్ చేయనని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. చేయకపోతే కడుపులో గడ్డ ఆగదని కూడా చెప్పింది. వీధి వీధంతా కాటా బాబాయి అని పిలిచే కాటాల రిపేరు మనిషి భార్య బరువు అప్పటికి సరిగ్గా నలభై. రెండు కిలోల కోసం యముడితో బేరమాడాల్సి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

పొయ్యి మీద ఏది ఉడికినా ఆ వాసనకే ఆవిడకు వాంతి. అందుకని పొయ్యి జోలికి పోకుండా, పంచదార ముట్టకుండా అరటిపండ్లు, పెరుగు, ఖర్జూరాలు, వేరుశనగలు రుబ్బి ఫ్రిజ్‌లో గడ్డకట్టిద్దామని బాబాయి పూనుకున్నాడు. మంచినీళ్లకు తప్ప వంటింటి గడప తొక్కి ఎరగడు.

మొదటి రోజు మిక్సీకి మూత పెట్టడం మరిచాడు. అరటిపండు పైకప్పుకు అంటుకుంది. రెండో రోజు తీసింది బండరాయిలా ఉంటే తన రిపేరు షాపుకెళ్లి ఉలి, సుత్తి తెచ్చాడు.

"ఇది తినడానికా, పునాదికా?" అంది ఆవిడ మంచం మీంచి.

"నోట్లో పెట్టుకో, అదే కరుగుతుంది."

"ముందు నేను కరిగిపోతానేమో చూసుకోండి."

ఆయనకు నవ్వు రాలేదు. ఎదురుగా కూర్చుని ఆవిడ మింగే ప్రతి గుటకా లెక్కపెట్టాడు. రెండు చెంచాలతో గిన్నె పక్కకు వెళ్లిపోయింది. మిగిలింది పక్కింటి పిల్లలకు పెట్టేశానని సాయంత్రం చెప్పింది. రోజూ అదే వరస.

మనిషికి ధైర్యం వస్తే ఆకలి దానంతటదే వస్తుందని బాబాయి సిద్ధాంతం. ఇంట్లో ఉన్న కాటా అడుగున మరను మూడు రోజులకోసారి ఇంచుక తిప్పసాగాడు. ముల్లు నలభైన్నర, నలభై ఒకటి అంటూ మూడు వారాల్లో నలభై రెండుకు చేరింది.

"వచ్చేశానుగా," అని ఆవిడ గిన్నె వెనక్కి నెట్టింది. "ఇంక ఈ రాళ్లు నాకొద్దు."

"రెండంటే రెండు చెంచాలు."

"ఎందుకూ? ముల్లు మీరూ చూశారుగా."

బాబాయి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆ రాత్రి తనకూ అన్నం సహించలేదు.

మర్నాడు ఆసుపత్రిలో ఆవిడ కాటా ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "మనింటి కాటా అబద్ధమే. నేనే తిప్పాను. నువ్వింకా నలభయ్యే."

"తెలుసు," అంది ఆవిడ చెప్పులు విడుస్తూ. "ఎక్కేముందు ఖాళీ కాటా ఎంత చూపిస్తోందో చూడమని ఊరందరికీ చెప్పే మనిషితో ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను. మనది ఎవరూ ఎక్కకుండానే ముల్లు జరగడం మొదటిసారే చూశాను."

నర్సు వంగి చూసి నలభై రెండు దాటిందని రాసుకుంది.

బాబాయి నోరు తెరిచాడు. "ఎలాగే?"

"మీరు షాపుకెళ్లాక, తిప్పిన మరను మళ్లీ వెనక్కి తిప్పేసి, తినేదాన్ని. ముల్లు చూపించింది నా బరువే. గుటకలు లెక్కపెడుతూ కూర్చుంటే ఎవరికైనా గొంతు దిగుతుందా? ఉలితో కొట్టిన ముక్కలు పక్కింటి పిల్లలు తిన్నారంటే ఎలా నమ్మారండీ? నిన్న గిన్నె నెట్టింది, మీరెప్పుడు ఒప్పుకుంటారో చూద్దామని."

సిగ్గుతో తల గోక్కుంటూ నవ్వబోయాడు. అంతలో డాక్టరమ్మ కాగితం చూసి, "మంచిది, గురువారం పొద్దున్నే చేసేద్దాం. బతుకుతుందని మాత్రం మాటివ్వలేను," అనేసి వెళ్లిపోయింది.

ఇన్నాళ్లూ నలభై రెండు గురించి తప్ప ఆ తర్వాత ఏమిటన్నది ఆయన ఆలోచించనే లేదు. మోకాళ్ల మీద కూలబడి, ఆసుపత్రి కాటా అడుగున మర కోసం తడమసాగాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఇది ఎక్కువ చూపిస్తోందేమోనే."

"సరిగ్గానే ఉంది," అంది ఆవిడ ఆయన భుజం పట్టుకుని. "నాకూ భయంగానే ఉంది. లేవండి."