చచ్చిన గుళికలకు హారతి

పల్లవి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆనేకల్ నుంచి గోపాలప్ప తన ఫ్యాక్టరీలో మసి పట్టి, రసాయన చర్యల్ని వేగం చేయడం మానేసిన ప్లాటినం గుళికల్ని తెస్తాడు. ఆమె ప్లాస్మా యంత్రం ఆ మసిని పది నిమిషాల్లో వదిలిస్తుంది. చచ్చిన గుళికలు బతుకుతాయి, ఆర్డరు వస్తుంది, కాడుగోడిలోని ఆమె చిన్న ల్యాబు మూతపడకుండా ఉంటుంది. ఆ రోజు ఆయుధపూజ అన్న సంగతి మాత్రం ఆమె పథకంలో లేదు.

తలుపు తీసేసరికి యంత్రానికి బంతిపూల దండ, దాని గాజు కిటికీకి మూడు విభూతి రేఖలు. ముందు హారతి పళ్ళెంతో టెక్నీషియన్ తిమ్మరాయప్ప.

"అన్నా, డెమో ఉందని చెప్పాను కదా!"

"డెమో ఎప్పుడైనా ఉంటాదమ్మా. పూజ ఏడాదికొకసారే. పూజ చేసిన మిషన్ని ఈ పొద్దు ముట్టేదానికి లేదు."

పల్లవికి ఏడుపొకటే తక్కువ. ఆమె మొహం చూసి తిమ్మరాయప్ప మెత్తబడ్డాడు.

"సరే, గుమ్మడికాయ కొట్టేదాకా పూజ ముగిసినట్టు కాదు. నేను కాయ ఎత్తి పట్టుకోనుంటా. మీరు బిరబిరా కానిచ్చేయండి."

అలా గుమ్మంలో బూడిదగుమ్మడికాయ ఎత్తి నిలబడ్డాడు. పదింటికి వచ్చిన గోపాలప్ప దాని కింద నుంచి దూరి రావలసి వచ్చింది.

"ఏమప్పా, నా నెత్తిన కొడతావా ఏం?"

ఆయన తెచ్చిన డబ్బాలోంచి గుప్పెడు నల్లటి గుళికలు యంత్రంలోకి వెళ్ళాయి. విభూతి రేఖల సందుల్లోంచి ఊదా రంగు వెలుగు చూసి గోపాలప్ప లెంపలేసుకున్నాడు. పది నిమిషాలకు గుళికలు లేత బూడిద రంగులో బయటికొచ్చాయి.

"ఆహా! పక్కన కొత్తవి పెట్టి చూపీమ్మా."

పల్లవి ఉత్సాహంగా కొత్త గుళికల గిన్నె తెచ్చింది. అవి బొగ్గులా ఉన్నాయి.

"మీ కొత్తవాటికన్నా నా చచ్చినవే మేలుగా ఉండాయే! ఏం మోసం ఇది?"

"వాటికీ హారతి ఇచ్చినా సార్," అన్నాడు గుమ్మంలోంచి తిమ్మరాయప్ప, కాయ దించకుండానే. "కర్పూరం రోంత ఎక్కువైంది."

కర్పూరం మాట వినగానే గోపాలప్ప కోపం ఎటో పోయింది. తన డబ్బా మూత తీసి వాసన చూశాడు. అందులోనూ కర్పూరం వాసనే. వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"శివా, పొద్దున ఈ గుళికలు యా డ్రమ్ములోంచి తీసిస్తివి?"

"పూజలో పెట్టిన డ్రమ్ములోంచి సార్. నల్లగా ఉండాయి కదా."

"అది నిన్న వచ్చిన కొత్త డ్రమ్ము గదప్పా! మా ఆమె దానికి హారతిచ్చింది!"

పల్లవి కుర్చీలో కూలబడింది. తను బతికించింది బతికున్నవాటినే. ఇక ఆర్డరు మాట మరిచిపోవచ్చు.

గోపాలప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆ డ్రమ్ము మొత్తం మసి పట్టుంటాది. ముందు దాన్ని బాగుచేసియ్యమ్మా. నిజంగా చచ్చినవి ఎల్లుండి పంపిస్తా. రెండు ఆర్డర్లూ నీవే."

పల్లవి పట్టలేని సంతోషంతో కేక పెట్టింది. ఉలిక్కిపడ్డ తిమ్మరాయప్ప చేతుల్లోంచి కాయ జారి గడప మీద ముక్కలైంది.

ఆ రోజు అక్కడ నిజంగా ప్రాణం పోయింది ఆ గుమ్మడికాయకొక్కదానికే.