వీరాయమ్మ గారి పెరట్లో నిప్పు

"వీరాయమ్మ గారు పోయేరంటండీ, పెరట్లో నిప్పు కూడా వేసేసేరు" అని కాలవ అవతలింటి వెంకటరమణమ్మ గారు అన్నారట. ఆవిడ అన్నారని పాలు పోసే వీర్రాజు ఊరంతా చెప్పాడు. వీర్రాజు పాలలో ఏం కలుపుతాడో చెప్పడు గానీ, కబురులో మాత్రం తన వాటా కలపకుండా వదలడు. "పొద్దున్నే పాలు పల్చగా ఉన్నాయని నన్ను తిట్టేరండీ. అదే ఆఖరి మాటండీ!" అని కళ్లొత్తుకున్నాడట.

చదువరులారా, కంగారు పడకండి. వీరాయమ్మ గారు పోలేదు. అలిగి, గదిలో ముసుగుతన్ని పడుకున్నారంతే! కానీ ఈ కబురు వల్ల ఒక్క సంగతి మాత్రం తేలిపోయింది. కోనసీమలో ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక ఫైర్ పిట్ ఉండి తీరాలి! అది లేని ఇంటికి రేషన్ కార్డు తీసేసినా తప్పులేదు!

ఫైర్ పిట్ అంటే ఏమిటంటారా? పెరట్లో గుండ్రంగా గుంట తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చి, సిమెంటు పూసి, మధ్యలో మంట వేసుకుని, చుట్టూ కుర్చీల్లో కూర్చోవడం. వండుకోవడానికా? ఛ! నీళ్లు కాచుకోవడానికా? ఛఛ! ఊరికే చూడ్డానికి.

దాన్ని కొత్తపేట పక్కనున్న ఈ కాలవగట్టు ఊరికి తెచ్చిన ఘనత వీరాయమ్మ గారి కొడుకు సత్యదుర్గారావుది. ఖతర్‌లో ఏసీ మెకానిక్‌గా చేసి, ఇక చాలనుకుని వచ్చేసిన మనిషి. అక్కడి ఎడారిలో చలికాలం రాత్రిళ్లు పళ్లు టకటకా కొట్టుకుంటాయట. అందరూ ఇసకలో మంట వేసుకుని చుట్టూ చేరతారట. ఎడారికి మేలు చేసింది గోదావరి నీళ్లకి కీడెలా చేస్తుంది? ఆయన ఒంటెని తీసుకురాలేదు, సంతోషించండి!

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే పిట్ పూర్తయింది. అదీ మంచిదే. చలిలో మంట వేసుకోవడం ఏం గొప్ప? కుక్కపిల్ల కూడా పొయ్యిలో పడుకుంటుంది. ఉక్కలో వేసుకోవాలి, అప్పుడు కదా మనిషి నిబ్బరం తెలిసేది! పైగా ఆ ఇంట్లో గదికో ఏసీ. లోపల వణికినవాడు బయటికొచ్చి వెచ్చబడతాడు, బయట ఉడికినవాడు లోపలికెళ్లి చల్లబడతాడు. మనిషికి ఇంతకన్నా వ్యాపకం ఏం కావాలి?

ఇక కట్టెల సంగతి. చుట్టూ కొబ్బరితోట. డొక్కలూ మట్టలూ గుట్టలుగా పడున్నాయి. వాటిని కాలిస్తే పరువేం మిగులుతుంది? డొక్కల మంట వీడియోలో అందంగా పడదట. అందుకని ఒకే కొలతకి కోసి, కవరు చుట్టిన కట్టెలు కొరియర్లో తెప్పించాడు. సముద్రం ఒడ్డునున్న అంతర్వేదికి ఎండుచేపలు పార్సిల్ చేసినట్టు, కోనసీమకి కట్టెలు కొరియర్లో! అభివృద్ధి అంటే మరేమిటి?

ఇక్కడొక చిన్న మెలికుంది. ఆ పిట్ తవ్విన చోట, కిందటేడు దాకా వీరాయమ్మ గారి పొయ్యి ఉండేది. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ కాగులో నీళ్లు దానిమీదే కాగేవి. డొక్కలు రాజేసి మట్టిదాకలో చేపల పులుసు పెట్టారంటే, గట్టు మీద పోయేవాళ్లు సైకిలు దిగి, "బావున్నారాండీ?" అని క్షేమసమాచారాలడిగేవారు. వెళ్లేటప్పుడు గిన్నెతో వెళ్లేవారు. కొత్త ప్రహరీకి క్రీమ్ రంగు వేయించాక, పొగకి గోడ నల్లబడుతోందని దుర్గారావు ఆ పొయ్యిని పలుగు వేసి పొడిపించేశాడు. "ఈ రోజుల్లో పొగ పొయ్యేంటమ్మా? నలుగురూ నవ్వుతారు" అన్నాడు. ఆవిడ అప్పట్నుంచీ గీజరు నీళ్లు పోసుకుంటూ, "ఒంటికి తగిలినట్టే ఉండదురా" అని గొణుక్కుంటూనే ఉన్నారు.

అదే చోట మళ్లీ రాళ్లు పేర్చేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పిట్ ఓపెనింగ్ నాడు కొరమేను కొనిపించి, ముక్కలకి ఉప్పు రాసి, అటక మీది దాక దింపించి కడిగి పెట్టుకున్నారు.

"దుర్గా, మీ స్నేహితులొచ్చేలోపు దానిమీద ఒక్క దాక పెట్టేసుకుంటానురా."

"అమ్మా! దానిమీద దాక పెడితే అది పొయ్యైపోద్దమ్మా!"

"పోనీ ఒక్క పూటేగా అండీ" అంది కోడలు గాయత్రి.

"ఓపెనింగ్ పూటా?"

ఎంత గొప్ప మాటండీ! మంట అదే, పొగ అదే, చోటూ అదే. పనికొస్తే పల్లెటూరితనం, పనికిరాకపోతే ఫ్యాషన్! వీరాయమ్మ గారికి ఈ సూక్ష్మం బోధపడలేదు. చేపముక్కల గిన్నె మీద మూత పెట్టి, గదిలోకెళ్లి తలుపు వేసేసుకున్నారు.

మన వైపు ఇంట్లో మనిషి పోతే మొదట చేసేది నిప్పు వేయడం. రెండోది, షామియానా కొట్టుకి కబురు పెట్టి కుర్చీలు తెప్పించడం. దుర్గారావు ఎన్నేళ్లు పరాయిదేశంలో ఉన్నాడో గానీ, ఈ రెండూ వరసగా చేశాడు. కొట్టు నాగదుర్గాప్రసాద్‌కి ఫోన్ చేసి, "షామియానా వద్దండీ. కుర్చీలు చాలు. నిప్పు చుట్టూ వేసుకుంటాం" అన్నాడు.

ప్రసాద్ ఇలాంటి ఫోన్లు చాలా చూసినవాడు. గొంతు తగ్గించి, "ఆయ్. ఫ్రీజర్ బాక్సు పంపమంటారాండీ?" అన్నాడు.

"ఎందుకండీ, ఇంట్లో పెద్ద ఫ్రిజ్జే ఉంటేనూ!"

ప్రసాద్ హడలిపోయి ఫోన్ పెట్టేశాడు.

సందెవేళ మంట లేచింది. ఖతర్ స్నేహితులంతా తెల్లచొక్కాలు తొడుక్కుని గుండ్రంగా కూర్చున్నారు. ఉక్కకి తాళలేక పెడెస్టల్ ఫ్యాను తెచ్చి పెడితే, పొగంతా వాళ్ల మొహాలకే కొట్టింది. మాటల్లేవు. కళ్లు ఎర్రబడ్డాయి. తువ్వాళ్లతో ఒత్తుకుంటున్నారు. కాలవ అవతల్నుంచి వెంకటరమణమ్మ గారు ఇదంతా చూశారు. నిప్పుంది, కుర్చీలున్నాయి, కన్నీళ్లున్నాయి. పెద్దావిడ మాత్రం కనపడలేదు. మీరైతే ఏమనుకుంటారు?

ఫైర్ పిట్ మనుషుల్ని దగ్గర చేస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. అక్షరాలా నిజం! పొలంగట్టు తగాదాతో ఈ ఇంటితో మాటలు మానేసిన రాంబాబు పూలదండ పట్టుకుని వచ్చాడు. రాజోలు నుంచి ఆవిడ తమ్ముడు గంగరాజు ఆటో కట్టించుకుని, "అక్కా! వస్తానొస్తానని రాలేకపోయేనే!" అంటూ వీధి చివర్నుంచే ఎత్తుకున్నాడు. నిరుడు ఆవిడ కాలు బెణికి మంచాన పడితే, ఆ సందెవేళ వచ్చినవాళ్లలో సగంమంది తొంగి చూడలేదు. చెప్పండి, ఏ ఏసీ చేయగలదీ పని? ఏ టీవీ చేయగలదు?

ఆ శోకానికి గది తలుపు తెరుచుకుంది. వీరాయమ్మ గారు జుట్టు ముడేసుకుంటూ వచ్చి, "ఏంట్రా ఆ గోల?" అన్నారు. రాంబాబు దండ వెనక్కి దాచేశాడు. గంగరాజు ఏడుపు మధ్యలో ఆపలేక, దాన్నే ఆనందబాష్పాల కింద మార్చుకున్నాడు.

"మరి నిప్పు ఎవరికేసేరండీ?" అన్నారు, అప్పటికే కాలవ దాటొచ్చేసిన వెంకటరమణమ్మ గారు, కాస్త నిష్ఠూరంగా. ఊళ్లో ఆవిడ మాట తప్పయిపోయింది మరి!

"ఎవరికీ కాదండీ. ఇది ఫైర్ పిట్ అండీ. చలి కాచుకోడానికండీ" అన్నాడు దుర్గారావు, గెడ్డం కింద చెమట తుడుచుకుంటూ.

"పోన్లెండి వదినగారూ, ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అదే పదివేలు" అన్నారు వెంకటరమణమ్మ గారు.

వీరాయమ్మ గారు మంటకేసి చూశారు. మంట చుట్టూ ఉన్నవాళ్లకేసి చూశారు.

"ఎందుకు కాలేదండీ? కిందటేడు సరిగ్గా ఈ చోటే నా పొయ్యిని పలుగేసి పొడిచేరు. అప్పుడు ఒక్కరొచ్చేరా ఏడవడానికి?"