పద్దెనిమిది అడుగుల రింగు

ఒక పెద్ద అడవిలో పులులు, ఏనుగులు ఉండటం వింతేమీ కాదు. ఈ అడవిలో మాత్రం ఒక డిగ్రీ కాలేజీ ఉండేది. ఆ కాలేజీకో మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు, జట్టుకో కోచ్.

కోచ్ పేరు జోగయ్య, ఎలుగుబంటి. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ప్రతి జూన్‌లోనూ "మరొక ఏడాదికి కొనసాగించడమైనది" అని ఓ కాగితం వచ్చేది. అది చూసినప్పుడల్లా వాళ్లావిడ, "మన కాపురం కూడా ఇలాగే ఏడాదికోసారి పొడిగించుకుందామా?" అని అడిగేది.

ఆ ఏడు పాలకవర్గం అధ్యక్షుడు, గజపతి అనే ఏనుగుగారు ఓ మాటన్నారు. "ఈ సీజన్లో లీగ్ కప్పు తెస్తే జోగయ్యని పర్మినెంటు చేసేద్దాం. తేకపోతే ఆ పోస్టే ఎత్తేద్దాం."

జోగయ్యకి ఆశ పుట్టింది, ఆ వెనకే చెమటా పట్టింది. జట్టు అలాంటిది మరి. కెప్టెన్ నూకరాజు కొండముచ్చు. వరహాలు అడవిపంది. సాంబడు కొమ్ముల దుప్పి. బుచ్చి కుందేలు. అయిదోవాడు తాబేలు తాతారావు. అతను కోర్టు మధ్యకి చేరేసరికి ఆట రెండో సగం మొదలయ్యేది.

ప్రిన్సిపాల్ జంబుకరావుగారు నక్క. "ఇలాంటి వాళ్లతో కప్పేం తెస్తారు జోగయ్యగారూ?" అని నవ్వి, వారం తిరక్కుండా సముద్రం అవతలి అడవి నుంచి ఒక జిరాఫీని దింపారు. పేరు లంబకంఠం. వయసు చూస్తే తాతారావుకి అన్నలా ఉన్నాడు. స్పోర్ట్స్ కోటాలో బి.ఏ. మొదటి సంవత్సరం.

"క్లాసులకి వస్తాడాండీ?" అని జోగయ్య అడిగాడు.

"వచ్చినట్టే. ఆ మెడ ఏ కిటికీలోంచి చూసినా కనిపిస్తుంది. హాజరు వేసేయండి."

తాతారావు బెంచీ ఎక్కాడు, అంటే నాలుగు రోజుల్లో ఎక్కాడు. లంబకంఠం రింగు కింద నిలబడేవాడు. మిగతా నలుగురూ బంతి అందిస్తే, పెరట్లో కాకరకాయ కోసినంత తేలిగ్గా దాన్ని రింగులో జారవిడిచేవాడు. మొదటి మ్యాచి గెలిచారు. రెండోదీ గెలిచారు. మూడోదానికి అవతలి జట్టు రాలేదు, ఓడిపోయామని ఉత్తరం పంపించింది.

లీగ్ కార్యదర్శి కూడా జంబుకరావుగారే. అక్కడితో ఊరుకుంటే ఆయన నక్కెందుకవుతారు? లీగ్ సమావేశంలో లేచి, "మన ఆటలో ప్రమాణాలు పెరగాలి" అన్నారు. ప్రమాణాలు పెంచొద్దని ఎవరంటారు? అందరూ చేతులెత్తారు. మర్నాటికల్లా రింగు పద్దెనిమిది అడుగులకి పెరిగింది. స్తంభం ఎక్కితే ఫౌల్ అనీ రాశారు. ఇక లంబకంఠానికి తప్ప అడవిలో ఎవడికీ రింగు అందదు.

నాలుగో మ్యాచి నలభై, సున్నా. తన కుర్రాళ్లు గెలుస్తున్నారని జోగయ్య సంతోషించబోయి ఆగాడు. వరహాలు కోర్టులో కునుకు తీస్తున్నాడు. నూకరాజు చేతిలో బంతికి బదులు వేరుశనక్కాయలున్నాయి. ఇది ఆటేనా అని ఆయనకి లోపల గుచ్చుకుంది. కానీ జూన్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఫైనల్‌కి రెండు వారాల ముందు లంబకంఠం టీసీ పుచ్చుకున్నాడు. ఏటి అవతలి కాలేజీలో చేరిపోయాడు. ఫైనల్లో మనతో ఆడేది వాళ్లే.

"అక్కడ తుమ్మచెట్లు బాగున్నాయండీ, లేతగా ఉన్నాయి" అని చెప్పి వెళ్లాడు. పాపం, అబద్ధం తెలియనివాడు.

మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద ప్రిన్సిపాల్ ఉత్తర్వు వెలిసింది. "ఈ సీజన్ ఫలితానికి సంపూర్ణ బాధ్యత కోచ్ జోగయ్యది. జట్టుతో ప్రిన్సిపాల్‌కి ఏ సంబంధమూ లేదు." కింద సంతకం, ముద్ర. ఒక నకలు జోగయ్య చేతిలోనూ పెట్టారు.

జోగయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కోర్టులో కూలబడ్డాడు. కుర్రాళ్లు చుట్టూ చేరారు.

"ఆ లంబకంఠాన్ని ఆపడం మన వల్ల కాదురా" అన్నాడు.

బుచ్చి చెవులు గోక్కున్నాడు. "మాస్టారూ, ఆయన ఎప్పుడైనా కింద పడిన బంతి తీశాడాండీ? మేం మెడ దాకా అందిస్తేనేగా. ఏట్లో నీళ్లు తాగాలన్నా కాళ్లు రెండూ చాపి, ముక్కి మూలిగి వంగుతాడు. మళ్లీ లేవాలంటే ఇంకో పూట."

జోగయ్య లేచి నిలబడ్డాడు. ఆ రెండు వారాలూ అడవిలో దుమ్ము అణగలేదు. మోకాలి కన్నా ఎత్తుకి బంతి లేపితే పది రౌండ్లు పరుగు. పదకొండేళ్లలో ఆయన అంత హాయిగా అరిచింది లేదు.

ఫైనల్ రోజు తాతారావు తెల్లవారుజామునే బయల్దేరి, విజిల్ వేళకి రింగు కిందికి చేరాడు. అవతలి కుర్రాళ్లు జిరాఫీ వచ్చాక పరుగు మానేశారు. ఇక మనవాళ్లు బంతిని నేలకి అంటించి ఉరుకుతుంటే వాళ్లకి దుమ్మే తప్ప బంతి కనబడలేదు. బుచ్చి లంబకంఠం నాలుగు కాళ్ల మధ్య నుంచి అటు దూరి ఇటు తేలాడు, ఇటు దూరి అటు తేలాడు. జనం బల్లలు చరిచి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. స్కోరు మాత్రం సున్నా, సున్నా.

ఆఖరి నిమిషంలో బుచ్చి బంతిని లంబకంఠం కాళ్ల ముందే వదిలేసి పక్కకి జరిగాడు. ఇంతసేపు నవ్వులపాలైన పెద్దమనిషి, ఆ ఉక్రోషంలో ముందుకాళ్లు చాపి వంగాడు. మూతి నేలకి తగిలేలోగా బుచ్చి బంతి లాక్కుపోయాడు.

"ఇప్పుడు" అన్నాడు జోగయ్య.

తాతారావు డిప్ప మీదికి వరహాలు, వరహాలు వీపు మీదికి సాంబడు, సాంబడి కొమ్ముల మీదికి నూకరాజు. బుచ్చి విసిరిన బంతిని నూకరాజు తోకతో పట్టి, ఎగిరి రింగులో వేశాడు. లంబకంఠం ఇంకా లేవనే లేదు.

రిఫరీ కొంగ నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేసింది. స్తంభం ఎక్కొద్దని ఉంది గానీ తోటివాణ్ణి ఎక్కొద్దని లేదు. విజిల్ ఊదింది. రెండు, సున్నా. నిచ్చెన మొత్తం కూలి జోగయ్య మీద పడింది. కింద నుంచి ఆయన నవ్వు వినిపిస్తూనే ఉంది.

లేచి చూసేసరికి వేదిక మీద జంబుకరావుగారు మెడలో దండతో ఉన్నారు. "రింగు ఎత్తు పెంచినప్పుడే ఈ విజయాన్ని ఊహించాను. ఇదంతా నా ముందుచూపు" అంటున్నారు.

జోగయ్య దుమ్ము దులుపుకుని, జేబులో కాగితం తీసి గజపతిగారికి అందించాడు.

ఏనుగుగారు ఓసారి చదివి, ఇంకోసారి మైకులో చదివారు. "ఏ సంబంధమూ లేదని మీరే రాశారు కదా జంబుకరావుగారూ. మరి ఆ దండ ఎవరిది?"

దండ జోగయ్య మెడలోకి మారింది. జోగయ్య పర్మినెంటయ్యాడు.

నీతి: పైవాళ్లు తప్పు మన నెత్తిన రుద్దుతుంటే వద్దనకూడదు, రాసి, ముద్ర వేసి ఇమ్మనాలి.