నాలుగు దిక్కుల సౌండు

ఇంట్లో పాటలు వినడానికి రెండు పెట్టెల సెట్టు మంచిదా, నాలుగు పెట్టెల సెట్టు మంచిదా అన్న విషయాన్ని 1974 వేసవిలో పటమటలోని మా వీధి పద్దెనిమిది రోజులు చర్చించి, ఎవరికీ ఏ సందేహమూ మిగలకుండా తేల్చింది. చర్చించినవాళ్ళలో ఎవరూ ఆ రెండిట్లో ఏదీ విని ఉండలేదు కనుక తీర్పు పూర్తి నిష్పక్షపాతంగా వచ్చింది.

సెట్టు కొనదలచినవారు వెంకటకృష్ణారావు గారు, కాలవల శాఖలో సూపర్వైజరు. ఆయన ఎరిగిన ఓడ ఉద్యోగి ఒకడు మద్రాసు రేవుకు రాబోతూ, రెండు రకాల సెట్ల బొమ్మలున్న పుస్తకం ముందుగా పోస్టులో పంపి, ఏది తెమ్మంటారో రాయమన్నాడు. రెండు పెట్టెలదాన్ని స్టీరియో అంటారు. నాలుగు పెట్టెలదాన్ని క్వాడ్రఫోనిక్ అంటారు. ఈ రెండో మాట పలకడంలో వీధి సంఘం అధ్యక్షులు పోలరాజు గారికి ఇబ్బంది కలగడంతో, ఇకమీదట దాన్ని ‘చుట్టు సౌండు’గా వ్యవహరించాలని మొదటి సమావేశంలోనే తీర్మానించడమైనది.

వీధి సంఘానికి ఇందులో ఏం పని అని పై ఊరివారు అడగవచ్చు. తన ఇంట్లోకి తెచ్చుకునే వస్తువును తానే ఎంచుకోవడం మా వీధిలో అమర్యాద. బీరువా తలుపు ఎటు తెరుచుకోవాలన్నది కూడా ఎదురింటివారితో సంప్రదించాకే నిర్ణయిస్తాం.

పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చే అబ్దుల్ రవూఫ్‌ను నిపుణుడిగా పిలిపించారు. అతను పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మనిషికి చెవులు రెండే గదండీ. ఇంట్లో వినేదానికి రెండు పెట్టెలు చాలు. రెండూ మీ వైపు తిప్పుకుని, ఎదురుగా కుర్చీ వేసుకుంటే పాడే మనిషి మీ ముందు కూర్చున్నట్టే ఉంటది.”

“చెవుల లెక్క చూస్తే ఎట్టాగయ్యా? ఇంటికి గోడలు నాలుగు,” అన్నారు పోలరాజు గారు. ముప్పై ఏళ్ళుగా చేపల వ్యాపారంలో ఉన్నవారు కనుక ఆయన మాటకు విలువ ఎక్కువ.

ఉయ్యూరు ఫ్యాక్టరీకి లారీలో చెరుకు తోలే కొండలయ్య అసలు ప్రశ్న వేశాడు. “అదంతా సరేగానీ, ఏది ఎంత దూరం వినపడుద్ది? బందరు రోడ్డు దాకా పోద్దా?”

“ఇంట్లో వినేదానికి బందరు రోడ్డు దాకా ఎందుకండీ?” అన్నాడు రవూఫ్. ఈ ప్రశ్న అసందర్భమని మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

పుస్తకంలోని బొమ్మ మీద మరో ఆరు రోజులు గడిచాయి. అందులో ఒక దొర పడక్కుర్చీలో ఉన్నాడు. నాలుగు మూలల నుంచీ నాలుగు పెట్టెలు అతని వైపే తిరిగి ఉన్నాయి. ఒక్క మనిషి కోసం నాలుగు పెట్టెలు పనిచెయ్యడం సభ్యులకు బాధ కలిగించింది. ఇంత స్వార్థం ఏ దేశంలోనూ ఉండదనీ, పెట్టెలు లోపలికి తిరిగి ఉండటం అచ్చుతప్పు అయివుంటుందనీ పోలరాజు గారు కనిపెట్టారు. మైకుసెట్టు హారన్లను ఎవరైనా పందిట్లోకి తిప్పి కడతారా? బయటికి తిప్పుతారు. పెళ్ళి జరుగుతున్నట్టు పెళ్ళికొడుక్కి ఎలాగూ తెలుసు. తెలియాల్సింది ఊరికి. కాబట్టి చుట్టు సౌండే తెప్పించాలనీ, నాలుగు పెట్టెలనూ నాలుగు వైపుల కిటికీల్లో బయటికి తిప్పి బిగించాలనీ ఏకగ్రీవంగా నిర్ణయం జరిగింది.

వెంకటకృష్ణారావు గారు మొదట్లో నిజంగా పాటలు వినాలనే అనుకున్నారు. కానీ వినాలన్న కోరికా, వినిపించాలన్న కోరికా మనసులో పక్కపక్క ఇళ్ళల్లోనే కాపురం ఉంటాయి. ఒకరి తలుపు తడితే రెండోవారు తియ్యడం మామూలే. అందులో దాచాల్సిందేమీ లేదు.

ఇదే రోజుల్లో ఆ ఇంట్లో ఒక చిన్న విషయం కూడా జరిగింది. ఆయన భార్య గంగారత్నానికి పాడటానికి రమ్మని రేడియో స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. వెనకవీధిలో ఉండే రవూఫ్ భార్య జమాల్ బీని తోడు తీసుకుని, సిటీ బస్సులో వెళ్ళి రెండు పాటలు రికార్డు చేయించి వచ్చింది. గురువారం మధ్యాహ్నం రెండూ పదికి ప్రసారం. ఒక్కసారే. పాతికేళ్ళుగా వంటింట్లో పాడుతున్నా ఆమె తన గొంతు ఎప్పుడూ వినలేదు. ఎవరి గొంతైనా వారికి లోపలి నుంచే తెలుస్తుంది. బయటికి అది ఎలా ఉంటుందో ఒక్కసారి, భర్త పక్కన కూర్చుని, వినాలని ఆమె కోరిక.

ఆ సంగతి ఆయనకు మూడుసార్లు చెప్పింది.

“గురువారం రేడియోలో నా పాట వస్తుందండీ.”

“ఊఁ.”

“రెండూ పదికి. ఆ పూట ఇంట్లో ఉంటారా?”

“నాలుగయితే వైరు ఎక్కువ పడుతుంది గదా,” అన్నారాయన పుస్తకంలోంచి తలెత్తకుండా.

మిగతా రెండుసార్లూ దాదాపు ఇలాగే జరిగింది కనుక వివరించనక్కర్లేదు.

సెట్టు బుధవారం వచ్చింది. అందులోనే రేడియో కూడా ఉంది కనుక, గుడ్డ ముఖం ఉన్న పాత రేడియోను బిగింపు పనికి బహుమానంగా రవూఫ్‌కు ఇచ్చేశారు. గురువారం వెంకటకృష్ణారావు గారు సెలవు పెట్టారు. గంగారత్నం ఆ మాట విని జడ వేసుకుని, హాల్లో చాప పరిచింది. ఆ సెలవు సెట్టు ప్రారంభోత్సవం కోసమని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

రెండు గంటలకు పోలరాజు గారు అరుగు మీద నిలబడి ఉపన్యసించారు. “సోదరులారా, ఇప్పటిదాకా మన వీధిలో సౌండు ఒక పక్క నుంచే వచ్చేది. రెండో పక్కవాళ్ళు ఎంత వెనకబడి ఉన్నారో మీకు తెలుసు. నేటితో ఆ అన్యాయం పోయింది.” చప్పట్లు ముగిసేసరికి రెండూ పది అయింది. వెంకటకృష్ణారావు గారు మీట తిప్పి, పరుగున వీధిలోకి వచ్చారు.

రేడియోలో ఆమె పేరు చదివారు. సరిగ్గా అప్పుడే కొండలయ్య పడమటి మూల నుంచి అరిచాడు. “ఇటు బొంగురుగా ఉందండీ!”

“తూర్పు ఎట్టా ఉంది?” అన్నారు వీధి మధ్యలోంచి వెంకటకృష్ణారావు గారు.

“తూర్పు బ్రహ్మాండం. దక్షిణం అడగండి.”

“దక్షిణం వాళ్ళేరీ?”

“వినిపించట్లేదని బందరు రోడ్డు దాకా పోయి చూస్తున్నారు.”

మొదటి పాట తూర్పు పడమరలతో అయిపోయింది. రెండో పాట మొదలయ్యాక పెట్టె పెట్టెకీ చెవి ఆనించి, నాలుగిట్లోనూ ఒకే పాట వస్తోందని పోలరాజు గారు ధ్రువీకరించారు. ఎవరికీ తక్కువ చెయ్యని సెట్టని అందరూ మెచ్చుకున్నారు.

ఇంట్లో మాత్రం పెట్టెల వీపులు కనిపిస్తున్నాయి. చాప మీద ఒక్కతే కూర్చున్న గంగారత్నానికి గోడల అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఉంది. దానికి తోడు వీధిలో అరుపులు. ఆమె లేచి, పెట్టె ఉన్న కిటికీకి దూరంగా పెరటి చివరికి నడిచింది. ప్రహరీ గోడకు అవతల, జమాల్ బీ ఇంట్లో, పాత రేడియో పాడుతోంది.

“అక్కా, ఆడే నిలబడు. మాట్లాడకు, విను,” అంది జమాల్ బీ గోడ మీదుగా.

చివరి చరణం మిగిలి ఉంది. గంగారత్నం గోడ మీద చెయ్యి వేసి విన్నది.

“మాయన ముద్ద చేతిలో పట్టుకుని అట్టాగే ఉండిపోయాడు,” అంది పాట అయ్యాక జమాల్ బీ. “ఇంత సన్నగా ఉంటదా అక్కా నీ గొంతు?”

“నాకూ ఇప్పుడే తెలిసింది,” అంది గంగారత్నం.

ఆమె లోపలికి వచ్చేసరికి వెంకటకృష్ణారావు గారు చెమట తుడుచుకుంటూ, వీధి జనం నుంచి అభినందనలు అందుకుంటున్నారు. “ఎట్టా ఉంది?” అన్నారు భార్యతో.

“రెండో పాట బాగా వచ్చింది.”

“పాట సంగతి కాదే. సౌండు.”

ఆకాశం వైపు ఇంకా ఏ పెట్టే లేదన్న లోపాన్ని అదే సాయంత్రం కొండలయ్య ఎత్తిచూపాడు. డాబా మీదికి అయిదో పెట్టె తెప్పించే విషయం ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

ఈ కథ చదివినవారు ఉత్తరాలు రాస్తారని మాకు తెలుసు. సెట్టు ఏ కంపెనీదని అడిగేవారికి పోలరాజు గారు స్వయంగా జవాబిస్తారు. గంగారత్నం పాడిన పాట ఏదని అడిగే ఉత్తరం గనక వస్తే, దాన్ని జమాల్ బీకి అందజేస్తాం. ఆమె ఇంటి తలుపుకు ఉత్తరాల డబ్బా పెట్టించే అవసరం ఇంతవరకు రాలేదు.